ముందు హాజరు పట్టీ చూడు

తిరుపతి, బైరాగిపట్టెడ

పాపకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోన్లో ఏడ్చిన తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. ఆ కంగారులో ఏం చెప్పినా నీ తలకు ఎక్కదని, పొద్దున కూర్చుని రాస్తున్నా. నిదానంగా చదువుకో.

పదహారేళ్ల పిల్ల. కడుపుతో ఉంది, నాలుగో నెల. రక్తం (హిమోగ్లోబిన్) 8. ఇన్నాళ్లూ నీకు తెలియకుండా దాచారు. "వారానికి రెండుసార్లు ఆ వీధిలోనే తిరుగుతున్నాను కదా పెద్దమ్మా, నాకెట్లా తెలీలేదు?" అని అడిగావు. నేను ముప్పై నాలుగేళ్లు ఏఎన్‌ఎంగా, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తగా, ఊళ్లు తిరిగాను. నాకూ చాలాసార్లు తెలియలేదు. ఎందుకంటే మనం కడుపు కోసం వెతుకుతాం. ఎవరికి నెల తప్పింది, ఎవరి పేరు ఇంకా ఎక్కించలేదు, ఇదే మన చూపు. చిన్నపిల్లల విషయంలో ఆ చూపు పడేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. ఆ కడుపు సంగతి నాలుగు నెలల కింద మొదలు కాలేదమ్మా. ఆ పిల్ల బడి మానేసిన రోజున మొదలైంది.

సరే, ముందు ఆ పిల్లను చూద్దాం. "ఆధార్‌లో తప్పు పడింది, పంతొమ్మిదని రాసుకోమ్మా" అని వాళ్లత్త నీ చేతులు పట్టుకుందన్నావు. రాయొద్దు. నేను ఒకసారి రాశాను.

పలమనేరు వైపు పనిచేస్తున్న రోజులవి. నాకు బాగా కావలసిన ఇల్లు, మజ్జిగ తాగించకుండా పంపేవాళ్లు కాదు. కేసవుతుందని వాళ్లు భయపడ్డారు, నేను జాలిపడ్డాను. పదహారు నిండని పిల్లకు రిజిస్టర్లో పంతొమ్మిది వేశాను. దాంతో ఆ పిల్ల అందరు తొలిచూలు గర్భిణుల్లో కలిసిపోయింది. ప్రమాదమున్న గర్భమని గుర్తు పెట్టలేదు. డాక్టరు ప్రత్యేకంగా పిలిపించలేదు. బీపీ నెలకోసారి చూసి సరిపెట్టుకున్నాం. ఎనిమిదో నెలలో కాళ్లు వాస్తే "నీరు పట్టింది, అందరికీ పట్టేదే" అన్నారు ఇంట్లో. ఒకరోజు తెల్లవారుజామున గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, వచ్చింది. తిరుపతి ప్రసూతి ఆసుపత్రికి చేర్చేలోగా నాలుగుసార్లు ఫిట్స్ వచ్చాయి. పిల్ల దక్కింది, బిడ్డ దక్కలేదు. అక్కడి డాక్టరమ్మ "నిజం చెప్పు, దీని వయసెంత?" అని అడిగితే నాకు నోరు పెగల్లేదు. ఆ పంతొమ్మిది అంకె ఇప్పటికీ నా కళ్లముందే ఉంటుంది.

కాబట్టి వయసు ఉన్నదున్నట్టు రాయి. ఆ వయసులో పిల్ల తానే ఇంకా ఎదుగుతూ ఉంటుంది. కటి ఎముకలు పూర్తిగా విచ్చుకోవు. తిన్నది తన ఒంటికే చాలదు, అందులో బిడ్డకు వాటా పోవాలి. అందుకే రక్తహీనత, బీపీ, గుర్రపువాతం, నెలలు నిండని కాన్పు, రెండున్నర కిలోలు కూడా లేని బిడ్డ, ఇవన్నీ ఈ పిల్లల్లో ఎక్కువ. గర్భిణికి రక్తం 11 ఉండాలి, 7కు దిగితే ప్రాణం మీదికే. ఈ పిల్ల 8 దగ్గర ఉంది, అంటే అంచున ఉన్నట్టే. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణుల పరీక్షలు జరుగుతాయి కదా, నువ్వే వెంటబెట్టుకుని పో. అప్పటిదాకా ఆగకుండా బీపీ పదిహేను రోజులకోసారి చూడు. తలనొప్పి, కళ్లు మసకబారడం, మొహం వాపు, వీటిలో ఏది కనబడినా రాత్రనక పగలనక 108కి ఫోన్ చేయమని ఆ పిల్లకే నేర్పు. అత్తకు కాదు, పిల్లకు.

ఇక కేసు సంగతి. పిల్లల మీద లైంగిక నేరాలకు వచ్చిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన వాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. దాస్తే మనకూ శిక్షే. "పెళ్లయిందిగా" అంటారు వాళ్లు. పద్దెనిమిది లోపు పిల్లతో కాపురం, ఆమె భార్య అయినా, నేరమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలోనూ అదే ఉంది. కానీ ఈ మాట వీధిలో నిలబడి బెదిరింపులా అనొద్దు. అట్లా అన్న మరుసటి రోజే ఆ పిల్ల మాయమవుతుంది. రాష్ట్ర సరిహద్దు దాటించి ఏదో చిన్న క్లినిక్‌లో చూపిస్తారు, లేదా ఊళ్లో డిగ్రీ లేని ఆర్‌ఎంపీ దగ్గర కడుపు పోయే మాత్రలు మింగిస్తారు. రెండూ చావుకు దగ్గర దారులే. నువ్వు పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పు, ఆయన ద్వారా పోలీసులకు తెలియనివ్వు. ఆ రోజు మాత్రం ఆ పిల్ల పక్కన నువ్వుండు. కేసు పెట్టినప్పుడు ఎవరూ పక్కన లేరన్నదే ఆ పిల్లలకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ.

ఇంకో మాట. ఆ పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి ఏమనుకుంటోందో అడిగావా? కడుపు ఉంచుకోవడం ఇష్టం లేకపోతే చట్టం దారి ఇచ్చింది. 20 వారాల దాకా ఒక డాక్టరు సమ్మతి చాలు. మైనరు పిల్లలకైతే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే 24 వారాల దాకా వీలుంది. గార్డియన్ సంతకం మాత్రం కావాలి. పోలీసులకు పంపే రిపోర్టులో పిల్ల పేరు బయటపెట్టవద్దని పిల్లా, గార్డియనూ కోరితే డాక్టరు పెట్టనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది నువ్వు చెప్పాలి, నిర్ణయం ఆ పిల్ల చేయాలి. నీ ఇష్టం, నా ఇష్టం మధ్యలోకి రాకూడదు.

ఇప్పుడు నువ్వు అసలు అడిగిన ప్రశ్న, ముందే ఎట్లా తెలుసుకోవాలని.

2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో వందకు 12.6 మంది అప్పటికే తల్లులో, గర్భిణులో. దేశం మొత్తం మీద అది 6.8. అదే సర్వేలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో వందకు 29 మందికి పద్దెనిమిది లోపే పెళ్లయింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడు. మన దగ్గర చిన్న వయసు కడుపంటే చాలావరకు చిన్న వయసు పెళ్లే. జనం అంతా సెల్‌ఫోన్ల మీద తోసేస్తారు. నేను ఒప్పుకోను.

నా అనుభవంలో మొదటి గుర్తు హాజరు పట్టీ. నీ పరిధిలోని హైస్కూలుకు నెలకోసారి పోయి ఏడు నుంచి పది దాకా ఆడపిల్లల హాజరు అడుగు. వారంలో రెండు మూడు రోజులు రాని పిల్ల ఇంటికి ఏదో ఒక సాకుతో వెళ్లు. పదో తరగతి ఫలితాలు వచ్చే వారం నీకు చాలా ముఖ్యం. లెక్కల్లో ఫెయిలైన ఆడపిల్లకు మన ఊళ్లలో సప్లిమెంటరీ ఫీజు కట్టరు, సంబంధం చూస్తారు. పాసైన పిల్లకు కాలేజీ మండల కేంద్రంలోనో, కుప్పంలోనో ఉంటుంది. సాయంత్రం బస్సు ఉండదు. "చీకటి పడ్డాక ఎవరు తెస్తారు?" అనే ఒక్క మాటతో ఎందరు పిల్లల చదువు ఆగిపోయిందో నాకు తెలుసు. ఆ ఎండాకాలంలోనే ముహూర్తాలూ ఉంటాయి.

రెండోది, తల్లిదండ్రులు లేని ఇల్లు. కుప్పం నుంచి రైలెక్కి బెంగళూరు కట్టడం పనులకు పోయేవాళ్లు నీ ఊళ్లలో ఎంతమందో నువ్వే చూస్తున్నావు. పిల్ల అవ్వ దగ్గర ఉంటుంది. అవ్వకు ఒకటే టెన్షన్, "నా చేతిలో ఉన్నప్పుడు ఏమైనా అయితే కొడుకుకు ఏం జవాబు చెప్పాలి?" అని. ఆ భయంతోనే తొందరగా పెళ్లి చేసి చేతులు దులుపుకోవాలని చూస్తుంది. అటువంటి అవ్వను తిట్టొద్దు. ఆమె భారం కాస్త దించే దారి చెప్పు. కస్తూర్బా విద్యాలయంలో ఉచితంగా ఉండి చదువుకోవచ్చని, అక్కడ పిల్లకు కాపలా ఉంటుందని చెబితే సగం మంది అవ్వలు ఊపిరి పీల్చుకుంటారు. ఇంట్లో ఎవరూ లేని పిల్ల ఉన్నట్టుండి మాట తగ్గించినా, ఫలానా బంధువు వస్తే లోపలికి పోయి తలుపేసుకున్నా మాత్రం వెంటనే అనుమానించు. చెడు చేసేది చాలాసార్లు తెలిసినవాడే. పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ అంకె పిల్లలందరి నోటికీ వచ్చేలా చెయ్యి.

మూడోది, సమర్త, పిల్ల పెద్దమనిషైనప్పటి వేడుక. ఫ్లెక్సీలు కట్టి, భోజనాలు పెట్టి చేస్తారు కదా, అది అయిన రోజు నుంచే "మా పిల్ల" అంటూ మేనమామ వైపు వాళ్లు మొదలుపెడతారు. మేనరికమైతే కట్నం అడగరు, పిల్ల పరాయిచోటికి పోదు, పొలం చీలదు. ఈ లెక్కలు పేదింట్లో చాలా బలమైనవి. మనం చట్టం చదివినంత మాత్రాన అవి పోవు. చదివే కొద్దీ కట్నం పెరుగుతుందన్న భయం కూడా దీనికి తోడు.

అన్నిటికన్నా కష్టం, తల్లి "నాకు పద్నాలుగేళ్లకే కాలేదా, నేను బతకలేదా?" అన్నప్పుడు. దానికి నేను వాదించడం మానేశాను. "అక్కా, నీ తొలికాన్పు ఎట్లా అయింది?" అని అడిగి ఊరుకునేదాన్ని. మొదట నవ్వుతారు. తర్వాత మెల్లగా చెబుతారు, రెండు రోజులు నొప్పులు పడ్డదీ, పోయిన బిడ్డదీ. ఆ మాటలు ఆమె కూతురు కూడా వినేచోట కూర్చో. ఒక గంట పడుతుంది. ఆ గంట వృథా కాదు.

ఇక ఫోన్లు, ప్రేమలు. పిల్ల దగ్గర ఫోన్ దొరికిందంటే ఇంట్లో కొడతారు, బడి మాన్పిస్తారు, పది రోజుల్లో గుళ్లో తాళి కట్టిస్తారు. నేను చూసిన చాలా కథల్లో పిల్ల ఇష్టపడి లేచిపోలేదు, కుదిర్చిన పెళ్లి తప్పించుకోవడానికి పారిపోయింది. ఇంకా బాధేమిటంటే కడుపు ఎట్లా వస్తుందో కూడా వాళ్లకు తెలియదు. "ఒక్కసారికి రాదు" అని నమ్మిన పిల్లలను నేను చూశాను. బళ్లో వారానికోసారి ఐరన్ మాత్రలు ఇచ్చే రోజు ఒక పదిహేను నిమిషాలు హెచ్‌ఎంను అడిగి తీసుకో. నెలసరి దగ్గర మొదలుపెట్టి అన్నీ సూటిగా చెప్పు. మగపిల్లలకు కూడా చెప్పాలి, నీకు మొహమాటమైతే పీహెచ్‌సీ నుంచి మగ సిబ్బందిని పిలువు.

పెళ్లి ఆపాల్సి వస్తే ముహూర్తం రోజు దాకా ఆగొద్దు. వంటవాళ్లకు, షామియానా వాళ్లకు, అంగన్‌వాడీ టీచరుకు ముందే తెలుస్తుంది. వాళ్లతో మంచిగా ఉండు. లగ్నపత్రిక రాయకముందే అంగన్‌వాడీల పై అధికారి సీడీపీవోకు, సచివాలయంలో మహిళా పోలీసుకు చెప్పు. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టంలో రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. పెళ్లి జరిపించినవాళ్లూ అందులోకి వస్తారు. అయితే ఆగిన పెళ్లిని నమ్మొద్దు. అధికారులు పోయాక నెలలోపు సరిహద్దు అవతల ఏ గుళ్లోనో కానిచ్చేస్తారు. పిల్ల తిరిగి బళ్లో కూర్చునేదాకా ఆ ఇల్లు వదలకు.

పెళ్లయిపోయిన పిల్లలను కూడా వదిలేయకు. నెల తిరగకముందే "ఏమైనా విశేషమా?" అని అడుగుతారు. "ముందే మందులు వాడితే తర్వాత పిల్లలు పుట్టరు" అని భయపెడతారు. అది నిజం కాదని అత్త ముందే చెప్పు. నిరోధ్ గానీ, కడుపు రాకుండా వాడే ఛాయ మాత్ర గానీ ఆ ఇంటికి చేర్చు. ఛాయ అయితే మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి.

చివరగా ఒకటి. ఫోన్ పెట్టేసే ముందు మాటల్లో అన్నావు, ఆ పిల్లకు చెల్లెలు ఉందని, ఎనిమిదో తరగతని, అక్కకు వేవిళ్లని ఈమధ్య ఇంట్లోనే ఉండి వంట చేస్తోందని. నువ్వు అక్క కోసం ఏడ్చావు. నాకు రాత్రంతా చెల్లెలే కళ్లల్లో మెదిలింది. సోమవారం ముందు బడికి పో. ఆ పిల్ల పోయిన నెలలో ఎన్ని రోజులు రాలేదో చూసి, సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ