ఆ ఫైర్‌బాల్ స్క్రోల్‌ని ఏం చేయాలంటే

చిన్నా,

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో నీ పాత్రకి, అంటే మూడో లెవెల్ విజర్డ్‌కి (మంత్రగాడికి), ఫైర్‌బాల్ స్క్రోల్ (నిప్పుల బంతి మంత్రం రాసిన, ఒక్కసారే పనికొచ్చే కాగితం) దొరికిందని, దాన్ని చివర్లో వచ్చే పెద్ద విలన్ కోసం దాస్తానని రాశావు. దాచకు. క్యాంపెయిన్ (ఆడే కథంతా) అయిపోయాక కూడా క్యారెక్టర్ షీటులో వాడని స్క్రోల్స్ అలాగే పడి ఉండడం డీఎంగా, అంటే ఆట నడిపే డంజన్ మాస్టర్‌గా, ఎన్నో టేబుళ్ల దగ్గర చూశాను, చూసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది. మీరు ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నియమాలతో కాబట్టి వాటి ప్రకారమే చెబుతాను. 2024 పుస్తకాల్లో కొన్ని మారాయి, రెండూ కలిపేసుకోకు.

స్క్రోల్‌లో ఉన్న స్పెల్ (మంత్రం) నీ క్లాస్ (విజర్డ్, ఫైటర్ లాంటి పాత్ర రకం) జాబితాలో ఉంటేనే అందులో రాసింది నీకు అర్థమవుతుంది. ఫైర్‌బాల్ విజర్డ్ జాబితాలో ఉంది కాబట్టి నీకు ఇబ్బంది లేదు. మీ ఫైటర్ చేతికిస్తే మాత్రం పిచ్చిగీతలే కనిపిస్తాయి. చదివినందుకు నీ స్పెల్ స్లాట్ (ఇన్నిసార్లే వేయొచ్చని ఉండే మంత్రాల కోటా) ఖర్చవదు, గబ్బిలం రెట్ట, గంధకం వంటి సామగ్రీ అక్కర్లేదు. స్పెల్‌కి మామూలుగా పట్టే సమయమే పడుతుంది, అంటే ఫైర్‌బాల్‌కి ఒక యాక్షన్ (నీ వంతులో చేసే ఒక పని). పని అయ్యాక అక్షరాలు మాసిపోయి స్క్రోల్ పొడైపోతుంది. చదువుతుండగా మధ్యలో ఆటంకం వస్తే మాత్రం స్క్రోల్ పోదు. ఈ ముక్క డీఎంలు కూడా మర్చిపోతుంటారు, అవసరమైనప్పుడు గుర్తు చెయ్.

ఇక లెక్కలోకి వద్దాం. నీ ఇంటెలిజెన్స్ 16, అంటే +3. ఫైర్‌బాల్ మూడో లెవెల్ స్పెల్, నీకు ఇప్పటికి రెండో లెవెల్ స్పెల్స్ వరకే వచ్చు. అందుకని చదివేటప్పుడు ఇంటెలిజెన్స్ చెక్ చేయాలి, అంటే ఇరవై ముఖాల డైస్ వేసి ఆ +3 కలపాలి. 10కి స్పెల్ లెవెల్ కలిపితే 13, అది దాటాలి లేదా సరిగ్గా అంతే రావాలి. ప్రొఫిషెన్సీ బోనస్ (నేర్పున్న పనులకి కలిసే అదనపు అంకె) ఇక్కడ కలవదు. కాబట్టి డైస్ మీద కనీసం 10 పడాలి, ఇరవైలో పదకొండు అవకాశాలు. ఇంత మంచి స్క్రోల్‌ని దాదాపు బొమ్మా బొరుసు మీద పెట్టడం నాకిష్టం లేదు. మీ క్లెరిక్‌కి (దైవ మంత్రాలు వేసే పాత్రకి) గైడెన్స్ క్యాంట్రిప్ (స్లాట్ ఖర్చు లేని చిన్న స్పెల్) ఉంటే ముందు నిన్ను ముట్టుకుని అది వేయమను. స్క్రోల్ చదివేటప్పుడు చేసేది ఎబిలిటీ చెక్కే (పాత్ర సామర్థ్యం మీద డైస్ వేయడమే) కాబట్టి నాలుగు ముఖాల డైస్ ఒకటి అదనంగా కలుస్తుంది. అవకాశం మూడింట రెండొంతులకు చేరుతుంది. ఒక్క నిమిషంలోపు వాడుకోవాలి, కాబట్టి గొడవ మొదలయ్యే ముందే వేయించుకో.

చెక్ తప్పితే స్పెల్ స్క్రోల్ మీద నుంచి మాయమైపోతుంది, అంతకు మించి ఏమీ కాదు. కానీ తప్పినప్పుడు స్పెల్ ఎదురు తిరిగే ఐచ్ఛిక నియమం ఒకటి డీఎం పుస్తకంలో ఉంది. మీ టేబుల్ దగ్గర అది నడుస్తోందా లేదా అన్నది ముందే అడుగు.

ఇప్పుడే ఎందుకు వాడమంటున్నానో చెప్తా. నీ స్పెల్స్‌ని ఎదుటివాడు తప్పించుకోవాలంటే సేవింగ్ త్రోలో (తప్పించుకోవడానికి వేసే డైస్‌లో) 13 వస్తే చాలు. మూడో లెవెల్ స్క్రోల్‌కి అది 15. అంటే ఈ ఒక్క కాగితం ప్రస్తుతానికి నీకన్నా బలమైనది. ఫైర్‌బాల్ అంటే ఆరు ముఖాల డైస్ ఎనిమిది, సగటున 28 డ్యామేజీ, ఇరవై అడుగుల వ్యాసార్ధంలో ఉన్న అందరికీ. గాబ్లిన్‌కి (చిన్న రాక్షసికి) ఉండేది ఏడు హిట్ పాయింట్లు (ప్రాణబలం). సేవింగ్ త్రో నెగ్గి సగం డ్యామేజీతో బయటపడ్డా అది బతకడం కష్టం. మీరు వెళ్తున్న గనిలో గుంపులుగా ఉన్నాయన్నావుగా, ఈ స్క్రోల్ అక్కడికే. ఒంటరిగా నిలబడ్డ విలన్ మీద వాడితే దాని విలువలో ఎక్కువ భాగం వృథా. విసిరే ముందు మనవాళ్లు ఆ వలయంలో లేరని చూసుకో.

ఐదో లెవెల్ వచ్చేదాకా ఆగి స్పెల్‌బుక్‌లోకి ఎక్కించుకోవచ్చు కదా అంటావేమో. కుదురుతుంది. అదే 13 మీద ఆర్కేనా (మంత్రవిద్యా జ్ఞానం) చెక్, ఆరు గంటలు, 150 బంగారు నాణేలు. నెగ్గినా ఓడినా స్క్రోల్ పోతుంది. కానీ ఆ లెవెల్‌కి వచ్చినప్పుడు విజర్డ్‌కి ఎలాగూ రెండు స్పెల్స్ ఉచితంగా వస్తాయి. ఫైర్‌బాల్‌ని అందులో ఒకటిగా తీసుకో. డబ్బు పెట్టి ఎక్కించుకోవాల్సినవి రిచువల్ స్పెల్స్. కాంప్రిహెండ్ లాంగ్వేజెస్ (తెలియని భాషలు అర్థమయ్యేలా చేసేది) లాంటిది ఒకసారి పుస్తకంలో పడితే, ఆ రోజుకి సిద్ధం చేసుకోకపోయినా, స్లాట్ లేకపోయినా ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. అలాంటి స్క్రోల్ చదివి పొడి చేస్తే నిజంగా నష్టం.

దాచుకోదగ్గవి అసలు లేవని కాదు. ఎదుటివాడి సేవింగ్ త్రోతో పని లేనివి పాతబడవు. నాక్ (తాళాలు తీసేది), ఇన్విజిబిలిటీ (కనబడకుండా చేసేది) లాంటివి పదో లెవెల్లో కూడా అంతే పనిచేస్తాయి. మొదటి, రెండో లెవెల్ దాడి స్క్రోల్స్ మాత్రం 13 దగ్గరే ఆగిపోతాయి కాబట్టి మీరు ఎదిగేకొద్దీ వాటి పస తగ్గుతుంది. వాటిని త్వరగా ఖర్చు పెట్టు.

రివివిఫై (చనిపోయినవారిని బతికించే స్పెల్) స్క్రోల్ గనక దొరికితే అందరూ కూర్చుని మాట్లాడుకోండి. చనిపోయి నిమిషం దాటకుండా వాడాలి. మామూలుగా ఆ స్పెల్‌కి 300 బంగారు నాణేల వజ్రాలు ఖర్చవుతాయి, స్క్రోల్‌తో ఆ బాధ లేదు. అందరూ అలవాటుగా దాన్ని క్లెరిక్ సంచిలో పెడతారు. మరి క్లెరిక్కే పడిపోతే? పాలడిన్ (దైవశక్తి ఉన్న యోధుడు) జాబితాలో కూడా ఆ స్పెల్ ఉంది. మీ పాలడిన్ కరిజ్మాతో (నీకు ఇంటెలిజెన్స్ ఎలాగో అతని స్పెల్స్‌కి అది అలాగ) చెక్ చేయాల్సి వచ్చినా సరే, అది అతని దగ్గరే ఉండాలి. అయితే అతని ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో డాలు ఉంటాయి, స్క్రోల్ తీసి పట్టుకోవాలంటే కత్తి కింద పడేయాల్సిందే. అది చేతికి అందేచోట, బెల్టుకి ఉందని డీఎంకి ముందే చెప్పి షీటులో రాయించు.

సొంతంగా స్క్రోల్స్ రాసుకోవడం గురించి కూడా అడిగావు. 2017లో వచ్చిన అనుబంధ పుస్తకం ప్రకారం మొదటి లెవెల్ దానికి ఒక రోజు, 25 నాణేలు. రెండోదానికి మూడు రోజులు, 250. మూడోదానికి వారం, 500. ఆర్కేనాలో ప్రొఫిషెన్సీ ఉండాలి, ఆ స్పెల్ నీకు వచ్చి ఉండాలి, దాని సామగ్రి కూడా నువ్వే తేవాలి. ఇప్పుడు మీ దగ్గరున్న డబ్బుకి మొదటి లెవెల్‌వి రెండు మూడు రాసుకో, చాలు.

ఆదివారం ఆట మొదలయ్యే ముందే డీఎంతో ఆ ఐచ్ఛిక నియమం సంగతి, క్లెరిక్‌తో గైడెన్స్ సంగతి మాట్లాడు. గనిలో ఏం జరిగిందో రాత్రికే ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
పిన్ని