స్టీమ్ ఇంజన్ లేని రోజున హెరిటేజ్ రైల్వేకి వెళ్లడం దండగా?

ఇంగ్లండ్‌లో హెరిటేజ్ రైల్వే (పాతకాలపు రైళ్లను కాపాడి నడిపే లైను) చూడాలనుకుంటే మీకు కుదిరిన రోజున అన్నీ డీజిల్ ఇంజన్లేనని తెలిసింది, స్టీమ్ లేకపోతే వెళ్లడం దండగ కదా అని అడిగారు. అస్సలు దండగ కాదండీ. నాకైతే డీజిల్ గాలా రోజులంటేనే, అంటే పాత డీజిల్ ఇంజన్లతో పండగలా రైళ్లు నడిపే రోజులంటేనే ఎక్కువ ఇష్టం.

కాకపోతే ఎక్కడ ఎక్కాలో చూసుకోవాలి. ఈ లైన్లలో స్పీడు మామూలుగా గంటకు 25 మైళ్లు దాటదు, ఒకప్పుడు ఎక్స్‌ప్రెస్‌లు లాగిన ఇంజన్‌కి అది ఏ మూలకు? దాని సత్తా తెలిసేది స్టేషన్ నుంచి కదిలేటప్పుడూ ఎత్తు ఎక్కేటప్పుడూ మాత్రమే. అందుకే నేను ముందు బరీ పేరు చెప్తాను. మాంచెస్టర్‌కి దగ్గర్లోనే, ఈస్ట్ లాంకషైర్ రైల్వే. అక్కడి నుంచి హేవుడ్ వెళ్లే లైను మెట్రోలింక్ ట్రామ్ పట్టాలను పైనుంచి దాటాలి కాబట్టి బరీ వదలగానే గట్టి ఎత్తు వస్తుంది.

ఆ ఎత్తు మీద క్లాస్ 40 అనే పాత రకం డీజిల్ ఇంజన్ వెనకాల, మొదటి పెట్టెలో, కిటికీ అద్దం కిందికి దించుకుని కూర్చున్నాను. రైలు ఇంకా కదలకముందే టర్బోచార్జర్ (ఇంజన్‌లోకి గాలిని నెట్టే యంత్రం) ఈల సన్నగా మొదలై పైపైకి పోయింది, దాని కింద 16 సిలిండర్ల మోత నెమ్మదిగా బరువెక్కుతూ వచ్చింది, కిటికీ చట్రం మీద పెట్టిన నా అరచెయ్యి అదిరిపోతోంది. దిగాక చూస్తే చొక్కా చేతుల మీద చిన్న చిన్న నల్లటి చుక్కలు! 1958-62 మధ్య ఇలాంటివి 200 తయారైతే ఇప్పుడు మిగిలినవి 7. బరీలో ఉన్నవాటిని కాపాడుతున్నది అభిమానుల సంఘమే. స్పేర్ పార్టులు బజార్లో దొరకవు, సెలవు రోజుల్లో వచ్చి ఒళ్లంతా గ్రీజు పూసుకుని పనిచేసే వాళ్లని చూస్తే నిజంగా దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

డెల్టిక్ అనే రకం డీజిల్ ఇంజన్ కనిపిస్తే మాత్రం స్టార్ట్ చేసేటప్పుడు దగ్గర్లో ఉండండి, ఆ పొగ చూసి తీరాలి. దాని లోపల నేపియర్ కంపెనీ మోటారు ఇంజన్లు రెండు, ఒక్కోదానికి 18 సిలిండర్లు, మొత్తం 3,300 హార్స్‌పవర్. వెస్టర్న్ రకం డీజిల్‌ది ఇంకో తీరు, అందులో జనరేటరూ కరెంటు మోటార్లూ కాకుండా హైడ్రాలిక్ ట్రాన్స్‌మిషన్ (నూనె ద్వారా శక్తిని అందించే ఏర్పాటు) చక్రాలను తిప్పుతుంది కాబట్టి శబ్దమే వేరుగా ఉంటుంది. సెవెర్న్ వ్యాలీ రైల్వే కూడా మంచిదే, కిడర్‌మిన్‌స్టర్‌లో 2016లో డీజిళ్ల కోసమే ఒక డిపో తెరిచారు.

మీ పిల్లలు స్టీమే కావాలని మారాం చేస్తుంటే వేరే రోజు చూసుకోండి, వాళ్లని బలవంతంగా తీసుకెళ్లొద్దు. లేదంటే ముందు రోజు రాత్రి ఏ ఇంజన్ ఏ రైలుకో చూసుకుని బయల్దేరండి, పాత ఇంజన్లు కదా, ఆఖరి నిమిషంలో మార్పులు మామూలే.