తెల్లబట్ట, దురద తగ్గి మళ్లీ వస్తోంది, ఎక్కడ చూపించుకోవాలి?

పెళ్లయి రెండేళ్లయిందని, ఆరు నెలలుగా తెల్లబట్ట, దురద ఉన్నాయని, మెడికల్ షాపు క్రీముతో తగ్గి మళ్లీ వస్తున్నాయని రాశారు. అత్తగారేమో వేడి చేసిందంటున్నారు, ఆసుపత్రికి వెళితే మీ నడవడిక గురించి ఏమనుకుంటారోనని మీ భయం. నాకూ ఇదే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మాది పెదనందిపాడు వైపు పల్లె. పెళ్లయ్యాక గుంటూరు వచ్చాను. మొదలైనప్పుడు మజ్జిగ తాగాను, సబ్జా గింజలు తాగాను, మెంతులు నానబెట్టుకుని తిన్నాను. ఎవరో చెప్పారని డెట్టాల్ నీళ్లతో కూడా కడుక్కున్నాను. మంట రెట్టింపైంది. ఆ పని మాత్రం చేయకండి. లోపల సహజంగా ఉండే మంచి బ్యాక్టీరియా ఆ చోటిని కాస్త పుల్లగా ఉంచి మనల్ని కాపాడుతుంది. డెట్టాల్, సబ్బు, వాసన వచ్చే వాష్‌లు ముందు దాన్నే చంపుతాయి.

ఏడాది అలా గడిచాక పెద్దాసుపత్రి గైనిక్ ఓపీకి వెళ్లాను. లైన్లో నా ముందు అరవై ఏళ్ల పెద్దావిడ, వెనక నిండు గర్భిణి. నన్నెవరూ వింతగా చూడలేదు. డాక్టరమ్మ లోపల చూసి, దూదిపుల్లతో తడి తీసి ల్యాబ్‌కి పంపారు. ట్రైకోమోనాస్ అని తేలింది. అది కంటికి కనపడని పరాన్నజీవి. నేను ఏడాదిగా రాస్తున్నది ఫంగస్ క్రీము, ఇక ఎలా తగ్గుతుంది?

ఇది భార్యాభర్తల కలయిక వల్ల వచ్చేదని, మా ఆయన కూడా మాత్రలు వాడాలని చెప్పారు. ఆయన ముందు కోప్పడ్డారు, నాకేం లేదుగా అన్నారు. అక్కడ సలహాలిచ్చే కౌన్సెలర్ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. మగవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ కనపడదు. ఒంట్లో నెలల తరబడి తెలియకుండా ఉండిపోతుంది. ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. ఆ మాటతో మా ఇంట్లో గొడవ ఆగింది. ఇద్దరం వారం రోజులు మాత్రలు వాడాం, అన్నాళ్లూ దూరంగా ఉన్నాం. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేస్తే ఏమీ లేదు.

మీకూ అదే అని నేను అనడం లేదు. పెరుగు ముక్కల్లా పడుతూ విపరీతంగా దురద పెడితే ఎక్కువగా ఫంగస్. పల్చగా, చేపల వాసనతో ఉంటే బ్యాక్టీరియా తేడా. ఈ రెండూ సుఖవ్యాధులు కావు. షుగర్ ఉన్నా, యాంటీబయాటిక్స్ వాడినా ఫంగస్ రావచ్చు. నెల మధ్యలో జిగురుగా, వాసన లేకుండా పడేది అసలు జబ్బే కాదు. కానీ గనేరియా, క్లమీడియా లాంటివి ఆడవాళ్లలో చాలాసార్లు ఏ గుర్తూ లేకుండా గర్భసంచి దాకా పాకి, పిల్లలు పుట్టకుండా చేయొచ్చు. అందుకే ఊహించి మందు వాడొద్దంటున్నాను.

మా పిన్ని సంగతి కూడా చెప్పాలి. మిరప కోతలకు వెళితే పొలంలో మరుగు ఉండదని సాయంత్రం దాకా నీళ్లు తాగేది కాదు. మూత్రంలో మంట, తెల్లబట్ట, నడుం నొప్పి. ఆర్ఎంపీ దగ్గర ఇంజక్షన్లు అయ్యాక ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో స్కానింగ్ తీసి, గర్భసంచికి పుండు పడింది, క్యాన్సర్ అవుతుంది, తీసేయాలన్నారు. అప్పు చేసి తీయించుకుంది. అప్పటికి 34 ఏళ్లు. అండాశయాలు కూడా తీసేశారని తర్వాత కాగితాలు చూస్తే తెలిసింది. నడుం నొప్పి పోలేదు, పైగా ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 3 శాతం మందికి గర్భసంచి తీసేసి ఉంటే, మన ఆంధ్రాలో దాదాపు 9 శాతం మందికి తీసేశారు. నాకు ఆ అంకె వెనక మా పిన్ని కనపడుతుంది. తెల్లబట్టకు ఆపరేషన్ అంటే కచ్చితంగా రెండో డాక్టర్‌కి చూపించుకోండి.

జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, గైనిక్ ఓపీ ఉంటుంది, లేదంటే సురక్ష క్లినిక్ అని అడగండి. అది ఈ ఇన్ఫెక్షన్ల కోసమే పెట్టింది, మందులు ఉచితం, పేరు బయటకు చెప్పరు. హెచ్ఐవీ, సిఫిలిస్ రక్తపరీక్షలు కూడా అడిగి చేయించుకోండి. పొత్తికడుపు నొప్పితో జ్వరం వచ్చినా, కలిశాక రక్తం కనపడినా, నెల తప్పినా ఆగకుండా ఆ రోజే వెళ్లండి.

నెలసరి లేని రోజు చూసుకోండి. రెండు రోజుల ముందు నుంచి లోపల క్రీము పెట్టొద్దు, పరీక్షలో సరిగ్గా తెలియదు. ఇప్పటిదాకా వాడిన ట్యూబులు, మాత్రల అట్టలు సంచిలో వేసుకెళ్లండి. వీలైతే మీ ఆయన్నీ తీసుకెళ్లండి, రానంటే ముందు మీరొక్కరే వెళ్లిరండి.