కారు రేడియోతో కాపురం

ఆమదాలవలస నుంచి ఒక కుర్రాడు అడిగాడు: "అన్నా, జనవరిలో ఎమ్మెస్‌కి కొలంబస్ వెళ్తున్నాను. అక్కడున్న మా పెద్దనాన్న కొడుకు రోజూ అక్కడి కన్జర్వేటివ్ (సంప్రదాయవాద) పాడ్‌కాస్టుల లింకులు పంపిస్తున్నాడు. ఇంగ్లీషు పట్టుబడుతుంది, దేశం అర్థమవుతుంది అంటాడు. వాళ్లు చెప్పేదీ బాగానే ఉంది. కుటుంబం, దేవుడు, కష్టపడి బతకడం, మన ఇళ్లలో చెప్పే మాటలే కదా. వినొచ్చా? అక్కడివాళ్లతో ఇవన్నీ మాట్లాడొచ్చా?"

తమ్ముడూ, వినడానికి నేనేం అడ్డు చెప్పను. నేనూ ఆ నీళ్లు తాగినవాణ్ణే. ఇప్పటికీ పన్నుల దగ్గరా, పిల్లల చదువుల దగ్గరా నా ఓటు చాలాసార్లు అటే పడుతుంది. నా భయమల్లా నువ్వు ఒక్కడివే గదిలో కూర్చుని వింటావని. ఈసారి సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చి, అమ్మకి ఒంట్లో బాగోక ఇక్కడే ఆగిపోయాను. ఖాళీగానే ఉన్నాను కాబట్టి నా సంగతి కాస్త వివరంగా చెబుతాను.

నేను వెళ్లింది 1998లో. 2000 సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వైటూకే రోజులు. విజయనగరం మూడు లాంతర్ల సెంటర్ సందడిలో పెరిగినవాణ్ణి ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న ఊరి ఆఫీసులో పడ్డాను. పాత కారు కొన్నాను. నేను పట్టుకెళ్లిన ఒకే ఒక్క ఘంటసాల క్యాసెట్‌ని దాని ప్లేయర్ మొదటి వారమే నమిలేసింది. ఇక మిగిలింది ఏఎం రేడియో. మధ్యాహ్నం అందరూ లోపల కలిసి తింటుంటే, పెరుగన్నం చేత్తో కలుపుకోవడానికి సిగ్గుపడి నేను కారులో కూర్చునేవాణ్ణి. పన్నెండు కొట్టేసరికి కన్జర్వేటివ్ రేడియో వ్యాఖ్యాత రష్ లింబా గొంతు వచ్చేది.

ఆ గొంతు వింటే మా మావయ్య గుర్తొచ్చేవాడు. గంటస్తంభం దగ్గర టీకొట్లో పేపరు పట్టుకుని ఏ ప్రభుత్వమైనా సరే ఉతికి ఆరేసే మనిషి. రేడియోలోనూ అదే ధీమా, అదే వెటకారం. పైగా మా ఇంట్లో రేడియో అంటే ఆకాశవాణి, విశాఖపట్నం కేంద్రం. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలవగానే నాన్న గడియారం సరిచేసుకునేవారు. రేడియోలో అన్నారంటే జరిగిందన్నమాటే. ఈ లింబా చెప్పేది వార్త కాదనీ, సొంత అభిప్రాయమనీ నా బుర్రకెక్కడానికి ఏడాది పట్టింది. వివాదం ఉన్న విషయమైతే రెండు పక్షాల మాటా వినిపించాలని అక్కడ పూర్వం ఒక నిబంధన ఉండేది. ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అంటారు. 1987లో దాన్ని ఎత్తేశారు. ఈయన కార్యక్రమం దేశమంతటా మొదలైంది 1988లో. ఇదంతా నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఆయన అభిమానులు ఫోన్ చేసి "మెగా డిట్టోస్" అనేవారు, నీ మాటే నా మాట అన్నట్టు. అది అమెరికా మర్యాద కాబోలనుకుని ఒకరోజు మీటింగులో మా మేనేజరుతో అన్నాను. ఆయన నన్నూ, నా బ్యాడ్జీనీ మార్చి మార్చి చూశాడు.

అది పరవాలేదు. ఆ ఏడాదంతా అధ్యక్షుడు క్లింటన్ గొడవ. డిసెంబరు 19న, శనివారం, ప్రతినిధుల సభ ఆయన్ని అభిశంసించింది. సోమవారం ఆఫీసులో క్రిస్మస్ భోజనం. మొదటిసారి అందరితో కూర్చున్నాను, ఏదో ఒకటి మాట్లాడాలి కదా. క్లింటన్ భార్య మీద రేడియోలో విన్న జోకు ఒకటి వదిలాను. ఒక్కడు నవ్వాడు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ప్లేటు తీసుకుని లేచి వెళ్లిపోయింది. చలికోటు ఎక్కడ దొరుకుతుందో తెలియక తిరుగుతుంటే తన కారెక్కించుకుని తీసుకెళ్లి కొనిపించిన మనిషి ఆవిడ. ఎన్నికలొస్తే క్లింటన్ గారి డెమోక్రటిక్ పార్టీకోసం ఇల్లిల్లూ తిరిగేదని నాకు తర్వాత ఎవరో చెప్పారు. మర్నాటి నుంచి గుడ్‌మార్నింగ్, అంతే.

ఆ చలికాలం ఎలా గడిచిందో నాకే తెలుసు. పది డాలర్ల ఫోన్‌కార్డు గీకితే ఇరవై నిమిషాలు కూడా వచ్చేవి కావు. "ఏటి బాబూ, ఎవరితోనైనా మాట్లాడతన్నావా?" అని అమ్మ అడిగేది. రోజూ మాట్లాడుతున్నానమ్మా అనేవాణ్ణి. అబద్ధం కాదు. కారులో ఒక్కణ్ణే కూర్చుని రేడియోకి తెలుగులో జవాబులు చెప్పేవాణ్ణి. నవ్వకు. టీకొట్లో మా మావయ్యకి ఎదురు చెప్పేవాళ్లు నలుగురుండేవారు, నాలుగు రోజులు ఆయన రాకపోతే ఇంటికొచ్చి పలకరించేవాళ్లూ వాళ్లే. నాకు జ్వరమొచ్చి మూడు రోజులు కారెక్కకపోతే రేడియోకేం తెలుస్తుంది?

రూల్స్ సంగతి రెండు ముక్కల్లో. వీసా మీద ఉన్నవాళ్లు ఎన్నికల చందాలివ్వకూడదు, ఓటరుగా పేరు నమోదు చేయించుకోకూడదు. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్లో ఓటరుగా చేరతావా అని అడిగినా పౌరుణ్ణి కాదని చెప్పు. విద్యార్థి వీసాకి అర్జీ పెట్టేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలని 2025 జూన్‌లో చెప్పారు, కాబట్టి ఏం రాస్తున్నావో చూసుకుని రాయి. మిగతావి ఎంబసీ సైటులో ఉంటాయి, చదువుకున్నవాడివే కదా.

ఇంకో సంగతి. ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ గారి మూలాలు ఆంధ్రలో ఉన్నాయని మావాళ్లు ఎంత మురిసిపోయారో చెప్పలేను. కానీ 2024 డిసెంబరులో హెచ్1బీ ఉద్యోగ వీసాల దగ్గర ట్రంప్‌ని బలపరిచే ఆ కన్జర్వేటివ్ శిబిరమే రెండుగా చీలింది. మస్క్, వివేక్ రామస్వామి ఒకవైపు, ట్రంప్ పాత సలహాదారు స్టీవ్ బానన్ లాంటివాళ్లు ఇంకోవైపు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ అర్జీలకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. కుటుంబం, దేవుడు అన్నంతసేపూ మన ఇంటి మాటలాగే ఉంటుంది. వీసా మాట రాగానే నువ్వు పరాయివాడివి. అలాగని ఎదుటి ఛానెళ్లకి మారిపోవాలనీ కాదు, అక్కడ కూడా రాత్రి కూర్చునేవాళ్లు అభిప్రాయాలే అమ్ముతారు. ఏది వార్తో ఏది వ్యాఖ్యో చూసుకో. ఓటింగ్ యంత్రాల మీద తప్పుడు ఆరోపణలు ప్రసారం చేశారన్న కేసులో కన్జర్వేటివ్‌ల ఛానెల్ ఫాక్స్ న్యూస్ 2023లో ఆ యంత్రాలు తయారుచేసిన డొమినియన్ కంపెనీకి 78 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చుకుంది.

ఆ పెద్దావిడ సంగతి అడుగుతావేమో. మరుసటి ఏడాది ఊరి నుంచి వస్తూ పలాస జీడిపప్పు తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టి, ఆ రోజు తప్పు మాట్లాడానన్నాను. తీసుకుంది, మీ అమ్మ ఎలా ఉందని అడిగింది. కానీ మళ్లీ తన కారెక్కమని ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు మా ఇంటికి రెండు పార్టీలవాళ్లూ వస్తారు, ఆవకాయ సీసాలు అడిగి మరీ పట్టుకెళ్తారు. అక్కడికి చేరడానికి నాకు పదేళ్లు పట్టింది. మీకు వీడియో కాల్ ఉచితం, ఊరివాళ్లు వీధికి నలుగురున్నారు, అయినా తలుపేసుకుని కూర్చుంటారు. ఫిబ్రవరిలో నేను తిరిగి వస్తాను. మొదటి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా, మీ అన్నయ్యని కూడా తీసుకురా. ఇయర్‌ఫోన్లు కారులోనే వదిలేసి రమ్మను.