డాక్టర్ సలహా: ‘సీ స్క్వాబ్’ తిన్నాం... ఈ తిమ్మిరి ఆ చేప విషమేనా?

ప్రశ్న: మాది కాకినాడ. వర్జీనియాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. పోయిన శనివారం సముద్రం ఒడ్డున ఒక హోటల్‌కి తీసుకెళ్లాడు. మెనూలో ‘సీ స్క్వాబ్’ అని ఉంటే కొత్త రకం చేప కాబోలని తెప్పించుకున్నాం. చిన్న చికెన్ లెగ్ పీసులా ఉంది, రుచిగానే ఉంది. ఇంటికొచ్చాక మా కోడలు ఫోన్‌లో చూసి అది పఫర్ ఫిష్ అని, ఆ జాతి చేపల్లో విషం ఉంటుందని చెప్పింది. మూడు రోజులైంది, నాకు నిద్ర లేదు. మావారికి 64 ఏళ్లు. షుగర్‌కి పదకొండేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. రాత్రిళ్లు అరికాళ్లలో చీమలు పాకినట్టు ఉందంటున్నారు. ఇది విషం పనేనా? మా అబ్బాయి స్నేహితుడు ఫ్లోరిడాలో గాలం వేసి ఇవే చేపలు పట్టి పంపిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీరు కంటినిండా పడుకోండి. పఫర్ ఫిష్ విషం మూడు రోజులు ఆగి బయటపడేది కాదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి మహా అయితే మూడు, నాలుగు గంటల్లోపే మొదలవుతుంది. శనివారం రాత్రి ఇద్దరూ మామూలుగా ఉన్నారంటే ఆ భయం అక్కడితో తీరిపోయింది. ఫ్లోరిడా చేపలు మాత్రం వద్దు. ఎందుకో కింద చెబుతాను.

స్క్వాబ్ అంటే ఇంకా ఎగరడం రాని పావురం పిల్ల, దాని లేత మాంసం. పఫర్ ఫిష్ తల కోసేసి, చర్మం చొక్కా విప్పినట్టు లాగేస్తే తోక వైపు ఒక్క ముల్లు చుట్టూ తెల్లటి కండ మిగులుతుంది. మీకు లెగ్ పీసులా కనిపించింది అదే. పొట్ట ఉబ్బించుకునే చేప అంటే ఎవరు కొంటారు? అందుకే ఈ ముద్దు పేరు. మీరున్న చీసాపీక్ బే వైపు దీన్నే ‘షుగర్ టోడ్’ అని కూడా అంటారు. అంటే పంచదార కప్ప! షుగర్ పేషెంటుకు వడ్డించడానికి ఎంత చక్కటి పేరో చూడండి.

వర్జీనియా నుంచి న్యూయార్క్ దాకా ఉన్న తీరంలో దొరికేది ఎక్కువగా నార్తర్న్ పఫర్ అనే రకం. శుభ్రం చేసిన దాని కండలో మామూలుగా విషం ఉండదు. అమెరికాలో ఆహార భద్రత చూసే ఎఫ్‌డీఏ కూడా పఫర్ ఫిష్ తినాలనుకుంటే రెండు చోట్ల నుంచి వచ్చిందే తినమంటుంది. ఒకటి ఈ తీరంలో పట్టినది. రెండోది జపాన్‌లో లైసెన్సున్న వాళ్లు శుభ్రం చేసి, రెండు ప్రభుత్వాల ఒప్పందం ప్రకారం పంపేది. మీరు తిన్నది మొదటి రకమే అయి ఉండాలి. అయినా వెయిటర్‌ని ‘ఈ చేప ఎక్కడ పట్టారు’ అని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

ఇక ఫ్లోరిడా సంగతి. 2002లో టైటస్‌విల్ దగ్గర నీళ్లలో పట్టిన పఫర్ చేపలు తిని కొందరు జబ్బుపడ్డారు. అక్కడి నుంచి వేరే రాష్ట్రాలకు వెళ్లిన చేపలు తిన్నవాళ్లకీ అదే జరిగింది. మీ అబ్బాయి స్నేహితుడు చేద్దామంటున్నదీ అలాంటిదే కదా! పరీక్షిస్తే అందులో ఉన్నది పఫర్ చేపల విషంగా అందరికీ తెలిసిన టెట్రోడోటాక్సిన్ కాదు, సాక్సిటాక్సిన్ అనే మరో విషం. నీళ్లలోని సూక్ష్మమైన నాచు నుంచి వచ్చే విషం అది. ఆ చేపల్లో కండలోకి కూడా ఎక్కింది. కాబట్టి ఎంత నేర్పుగా పేగులు, కాలేయం తీసేసినా లాభం లేదు. ఆ తీరంలోని ఐదు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) పఫర్ ఫిష్ పట్టడాన్నే నిషేధించారు. పులుసు ఎంత మరిగించినా, ఫ్రీజర్‌లో ఎన్నాళ్లు పెట్టినా ఈ రెండు విషాలూ పోవు. చింతపండు, పసుపు వేస్తే విరిగిపోతుందని ఎవరైనా చెప్పినా నమ్మకండి.

ఈ విషం ఎక్కితే ఎలా ఉంటుందో తెలిస్తే మీవారి కాళ్ల తిమ్మిరికీ దానికీ తేడా మీకే అర్థమవుతుంది. ముందు పెదాలు, నాలుక జివ్వుమంటాయి. తర్వాత ముఖం, చేతివేళ్లు మొద్దుబారతాయి. వాంతులు, తూలు, మాట ముద్దగా రావడం ఉంటాయి. ఎక్కువ తింటే ఊపిరి పీల్చుకునే కండరాలు పడకేస్తాయి. నరంలో కరెంటు పారడానికి సోడియం లోపలికి వచ్చే ద్వారాలుంటాయి. విషం వాటికి అడ్డంపడుతుంది. చాలాసార్లు రోగికి స్పృహ ఉంటుంది, అన్నీ వినిపిస్తుంటాయి, చెయ్యి మాత్రం కదపలేడు. విరుగుడు మందు లేదు. విషం దిగేదాకా వెంటిలేటర్ మీద పెట్టి ఊపిరి నిలబెట్టడమే వైద్యం. ఎప్పుడైనా చేప తిన్నాక పెదాలు మొద్దుబారితే తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, అక్కడైతే 911కి ఫోన్ చేయండి.

మీవారికి మొదలైంది అరికాళ్లలో, అదీ రాత్రిపూట. పదకొండేళ్ల షుగర్‌లో నరాలు దెబ్బతినడం సాధారణంగా ఇలాగే, కాలివేళ్ల నుంచి పైకి వస్తుంది. అడిగి చూడండి, ఈ తిమ్మిరి చేప తినకముందే ఎప్పుడో మొదలై ఉంటుంది, ఆయన మీకు చెప్పి ఉండరు. నా దగ్గరికి వచ్చే మగవాళ్లలో చాలామంది కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియని స్థితి వచ్చేదాకా ఇంట్లో నోరు విప్పరు. ఇంకో సంగతి, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 విటమిన్ తగ్గుతుంది. దానివల్ల కూడా అచ్చం ఇలాంటి తిమ్మిరే వస్తుంది, తెలిస్తే తేలిగ్గా సరిచేయవచ్చు. హెచ్‌బీఏ1సీ (రెండు, మూడు నెలల షుగర్ సగటు), బి12, కిడ్నీ పరీక్షలు చేయించండి. మందు మాత్రం సొంతంగా ఆపకండి. తిరిగొచ్చేదాకా ఆగకుండా అక్కడే మీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఏం వస్తుందో అబ్బాయిని చూడమనండి. ఈలోగా రోజూ పడుకునేముందు ఆయన అరికాళ్లు, వేళ్ల సందులు మీరే లైటు వేసి చూడండి. పుండు గానీ, రంగు మారడం గానీ కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

కాకినాడ వచ్చాక కూడా ఒక జాగ్రత్త. మన బంగాళాఖాతంలో దొరికే పఫర్ చేపల్లో విషం ఉన్న రకాలున్నాయి. 2008లో బంగ్లాదేశ్‌లో ఇవి తిని జనం చనిపోయారు కూడా. అమెరికాలో తిన్నాం, ఏమీ కాలేదు కదా అని ఉప్పాడలో వలకు పడ్డదాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకోకండి.