పాఠకుల ప్రశ్నలు: తెల్లవారు వెలుగులో పడవలు

ప్రశ్న: గోపాల్‌పూర్ తీరంలో తెల్లవారుజామున చేపల పడవలు అలలు దాటి ఒడ్డుకు చేరడాన్ని ఫొటోలు తీస్తున్నాను. కొన్నింటిలో పడవ చెదిరిపోయి వస్తోంది, కొన్నింటిలో మనుషులు పూర్తిగా నల్లబడుతున్నారు. ఆటో వదిలి, అమరికలన్నీ మనమే మార్చుకునే మాన్యువల్‌లో తీయమని మిత్రులు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మీరు చెప్పిన రెండు లోపాలకూ కారణాలు వేరు. కెమెరాలో చిత్రాన్ని నమోదు చేసే సెన్సర్ మీద పడే వెలుగును లెన్సులోని అపర్చర్ అనే రంధ్రమూ, షట్టర్ తెరిచి ఉండే కాలమూ నిర్ణయిస్తాయి. అలా అందిన వెలుగును ఎంత పెంచి చూపాలన్నది ఐఎస్‌ఓ పని. షట్టర్‌ను 1/125 నుంచి 1/250 సెకనుకు మార్చినా, అపర్చర్‌ను ఎఫ్/4 నుంచి ఎఫ్/5.6కు మార్చినా (ఎఫ్ పక్క అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) వెలుగు సగమవుతుంది. ఐఎస్‌ఓను 400 నుంచి 800కు పెంచితే చిత్రంలో ఆ లోటు పూడుతుంది.

పడవ చెదరడానికి కారణం షట్టర్ నెమ్మదిగా ఉండటమే. వెలుగు చాలనప్పుడు ఆటో 1/60 వంటి వేగాన్ని ఎంచుకోవచ్చు, కానీ అలల మీద ఎగిరిపడే పడవకు కనీసం 1/500 కావాలి. డయల్‌ను షట్టర్ వేగం మన చేతిలో ఉండే ఎస్ (S) లేదా టీవీ (Tv) గుర్తు దగ్గర ఉంచి, వేగాన్ని మీరే నిర్ణయించి, ఐఎస్‌ఓను ఆటోకు వదలండి. కెమెరాతో వచ్చే 18-55 మి.మీ. జూమ్ లెన్సు సాధారణంగా 55 దగ్గర, అంటే పూర్తిగా దగ్గరికి లాగినప్పుడు, ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు కాబట్టి ఐఎస్‌ఓ 1600 దాటినా కంగారుపడకండి. చిత్రంలో కాస్త గరుకుదనం ఉన్నా చూడగలం, చెదిరిన పడవను మాత్రం సరిచేయలేం.

ఇక మనుషులు నల్లబడటానికి మూలం మీరు నిలబడే చోటు. అక్కడ తీరం నుంచి సముద్రం వైపు చూస్తే ఉదయపు సూర్యుడు ఎదురుగా ఉంటాడు. కాంతివంతమైన ఆకాశాన్ని చూసి కెమెరా మీటర్ దృశ్యమంతటినీ మధ్యస్థ బూడిద స్థాయికి తెచ్చేందుకు వెలుగు తగ్గిస్తుంది. మీటర్ ఎంచిన వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +1 చేస్తే ముఖాలు తేరుకుంటాయి గాని ఆకాశం తెల్లగా పాలిపోతుంది. ఆ రంగులే మీకు ముఖ్యమైతే పడవను నల్లని ఆకృతిగానే ఉండనివ్వండి, అది తప్పేమీ కాదు. ముఖాలు కావాలంటే పడవను ఇసుక మీదికి లాగేదాకా ఆగి, నీటి అంచుకు వెళ్లి, సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకొని తీయండి. ఏ మీటను తిప్పినా ఇంత తేడా రాదు. వెలుగు నిమిషనిమిషానికీ మారే ఆ వేళ, కొత్తవారికి మాన్యువల్ అవసరమని నేననుకోను.

ప్రశ్న: సాయంకాలం ప్రాణహిత ఒడ్డున తీసిన ఫొటోల నిండా చుక్కలు కనిపిస్తున్నాయి. ఐఎస్‌ఓ తగ్గిస్తే చాలా?
– ఒక పాఠకురాలు, సిరొంచ

జవాబు: చాలదు. ఆ చుక్కలకు ప్రధాన కారణం సెన్సర్‌కు అందిన వెలుగు తక్కువ కావడం. ఐఎస్‌ఓ తగ్గించి తీసి, ఆ చీకటి చిత్రాన్ని తర్వాత కంప్యూటర్లో వెలిగిస్తే అవే చుక్కలు మళ్లీ పైకి తేలుతాయి. నదినీ ఆవలి గట్టునూ తీసేటప్పుడు కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్‌ఓ 100తో షట్టర్‌ను ఒకటి రెండు సెకన్లు తెరిచి ఉంచి, టైమర్‌తో తీయండి. మనుషులు కదులుతుంటే ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు అపర్చర్‌ను పూర్తిగా తెరిచి, ఐఎస్‌ఓ 3200కైనా వెళ్లండి.