సోవియట్ మెడల్ కొనే ముందు దాని కాగితం అడగండి

తమ్ముడు జార్జియా రాజధాని తిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతున్నాడనీ, సెలవులకు వచ్చేటప్పుడు సోవియట్ సైనిక పతకాలు తెమ్మందామనుకుంటున్నాననీ, ఏవి కొనాలో, నకిలీవి ఎలా గుర్తుపట్టాలో చెప్పమనీ అడిగారు. నేనూ ఆ ఊళ్లోనే చదివాను. ఈ సేకరణ మీద ఇష్టం పుట్టింది కూడా అక్కడే, డ్రై బ్రిడ్జి సంతలో.

అక్కడ నేల మీద గుడ్డలు పరిచి అమ్ముతుంటారు. మీ తమ్ముడికి ముందు కనిపించేవి కుప్పలుగా పోసిన వార్షికోత్సవ మెడల్స్. రెండో ప్రపంచ యుద్ధం గెలిచి 20 ఏళ్లయిందని 1965లో, 30 ఏళ్లయిందని 1975లో, 40 ఏళ్లయిందని 1985లో యుద్ధంలో పాల్గొన్నవాళ్లకు ఇచ్చినవి. అసలైనవే, కానీ యుద్ధకాలం నాటివి కావు. యుద్ధంలో సంపాదించిందని చెప్పి రేటు పెంచితే ఒప్పుకోవద్దనండి.

మొదటగా కొనడానికి నేనైతే 1945 మే 9న నెలకొల్పిన 'జర్మనీపై విజయం' మెడల్ చెబుతాను. ఇత్తడిది. ఎడమవైపు తిరిగిన స్టాలిన్ ముఖం, పైన 'మన పోరాటం న్యాయమైనది', కింద 'మనం గెలిచాం' అని రష్యన్‌లో ఉంటాయి. దాదాపు కోటీ 49 లక్షల మందికి ఇచ్చారు కాబట్టి ఖరీదు తక్కువ.

ఆ తర్వాత 'జా అత్వాగు', అంటే ధైర్యానికి ఇచ్చే వెండి మెడల్. 1938 అక్టోబరులో మొదలైంది. పైన మూడు విమానాలు, మధ్యలో ఎర్ర అక్షరాలు, వాటి కింద ట్యాంకు. పోరులో స్వయంగా చూపిన సాహసానికి ఇచ్చేవారు గనక మామూలు సైనికులు దీన్ని చాలా గొప్పగా చూసుకునేవారు. నాకూ అన్నిట్లోకీ ఇదే ఇష్టం.

ఎక్కువమంది ఎగబడేది మాత్రం ఎర్ర నక్షత్రం ఆర్డర్ కోసం. ఆర్డర్ అంటే మెడల్ కన్నా పై స్థాయి పురస్కారం. 1930లో పెట్టారు, 38 లక్షలకు పైగా ఇచ్చారు. దీని విషయంలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. 1944 నుంచి 1957 వరకు సైన్యంలో 15 ఏళ్లు పనిచేసినవాళ్లకు కూడా ఇదే ఆర్డర్ ఇచ్చారు. ఒకేలా కనిపించే రెండు నక్షత్రాల్లో ఒకటి కాల్పుల మధ్య సంపాదించింది కావచ్చు, రెండోది సర్వీసు నిండితే వచ్చింది కావచ్చు. ఆ వెండి నక్షత్రాన్ని ఎంతసేపు చూసినా ఆ తేడా తెలియదు.

అందుకే నేను కాగితం కోసం పట్టుబడతాను. ఆర్డర్ పొందినవాళ్లకు చిన్న పుస్తకం ఇచ్చేవారు. అందులో మనిషి పేరు, ఆర్డర్ పేరు, దాని నంబరు ఉంటాయి. ఆర్డర్ వెనక చెక్కిన నంబరుతో అది సరిపోవాలి. పేరు దొరికితే రష్యా రక్షణ శాఖ 'పామ్యత్ నరోదా' వెబ్‌సైట్‌లో రష్యన్ అక్షరాలతో వెతకొచ్చు. రెండో ప్రపంచ యుద్ధం నాటి పురస్కారాల సిఫార్సు పత్రాలను స్కాన్ చేసి అక్కడ పెట్టారు.

నా దగ్గరున్న ఒక ఎర్ర నక్షత్రం ఇలా పుస్తకంతో సహా దొరికిందే. దాన్ని పొందినాయన సైన్యంలో టెలిఫోన్ లైన్‌మన్. ఫిరంగి గుండ్లు పడుతుంటే పాక్కుంటూ వెళ్లి, తెగిన తీగను మళ్లీ మళ్లీ కలిపాడని సిఫార్సు పత్రంలో కమాండర్ రాశాడు. పుట్టిన సంవత్సరం, సైన్యంలోకి తీసుకున్న ఊరు, అంతకుముందు తగిలిన గాయం, అన్నీ ఆ ఒక్క పేజీలో ఉన్నాయి. అరకొర రష్యన్‌తో అది పూర్తిగా చదవడానికి నాకు రాత్రి చాలాసేపు పట్టింది.

దయచేసి సెట్టును విడగొట్టి కొనకండి. మెడల్ ఒకరికి, పుస్తకం ఇంకొకరికి అమ్మేసేవాళ్లున్నారు. అలా విడిపోతే ఆ మనిషి ఎవరో కనుక్కోవడం దాదాపు అసాధ్యం. చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. బేరానికి ముందే 'దకుమెంతీ యెస్త్?' అని అడగమనండి, కాగితాలున్నాయా అని. విడిగా పెట్టినవాళ్లు అప్పుడు తీసి చూపిస్తారు.

నకిలీల సంగతి. ఎర్ర నక్షత్రం వెనక బిగించే మర, నట్టు ఉంటాయి. యుద్ధకాలపు వాటిలో ఎక్కువ వాటి మీద 'మొనెట్నీ ద్వోర్' అనే టంకశాల ముద్ర, నంబరు కనిపిస్తాయి. భూతద్దంతో నంబరు చుట్టూ చూడండి. గీకినట్టో, అక్కడ మాత్రమే లోహం పల్చబడినట్టో ఉంటే వదిలేయడం మంచిది. ఎర్ర ఎనామిల్ ఊడితే రెసిన్‌తో పూడ్చి రంగు వేస్తారు. యూవీ టార్చ్ వేస్తే పూడ్చిన చోటు తరచుగా వేరేగా మెరుస్తుంది. చిన్న పెచ్చు ఊడి అలాగే ఉన్నదాన్ని, రిపేర్ చేసి నిగనిగలాడించిన దానికన్నా నేను ఎక్కువ ధర పెట్టి కొంటాను.

ఇక టెన్షన్ పెట్టే విషయం ప్రయాణం. సోవియట్ ప్రభుత్వ పురస్కారాలను అక్రమంగా కొనడం, అమ్మడం రష్యా క్రిమినల్ కోడ్ 324వ ఆర్టికల్ ప్రకారం నేరం. జార్జియాలో కొన్నవైనా సరే, మాస్కో మీదుగా వచ్చే విమానంలో మాత్రం తీసుకురావొద్దని చెప్పండి. ఇస్తాంబుల్, దుబాయ్ లాంటి వేరే దారిలో టికెట్ తీసుకుంటే మేలు. అప్పుడు కూడా ఆయా దేశాల నిబంధనలు ముందే చూసుకోమనండి.